షుగరు ‘ఉంది’: ఒక పాలపద్దు పుస్తకాన్ని చదివాక

మా అమ్మ పాలపద్దు పుస్తకం నా బల్ల మీద ఉంది. రెండువందల పేజీల రూళ్ళ నోటుబుక్కు. ముందువైపు నుంచి తెరిస్తే పాల కేంద్రానికి పోసిన పాల లెక్క: తేదీ, పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, వెన్న శాతం ఎంత. పుస్తకాన్ని తిరగేసి వెనకనుంచి తెరిస్తే ఇంకో లెక్క మొదలవుతుంది. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి రెండు గళ్ళు చేసింది. ఒకదాని మీద ‘ఆయనవి’ అనీ, రెండోదాని మీద ‘నావి’ అనీ రాసుకుంది. ఆయన గడిలో మా నాన్న వేసుకునే బి.పి. మాత్రకూ గుండె మాత్రలకూ కలిపి రోజుకో టిక్కు. తన గడిలో సోమవారం, గురువారం పరగడుపున చూసుకున్న షుగరు అంకె.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. కవితలూ కథలూ ఆత్మకథలూ ఎలా చదవాలో నాకు నేర్పారు. ఉత్తరాలూ డైరీలూ జోలపాటలూ కూడా సాహిత్యమేనని స్త్రీవాదం నేర్పింది. ఈ పద్దు పుస్తకాన్ని చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. 2020 మార్చి నుంచి అక్టోబరు దాకా ఉన్న ఆ పేజీలను ఒక పాఠంగా చదివే ప్రయత్నం ఈ వ్యాసం. ఆ నెలల్లో అమ్మ మధిర దగ్గర మా ఊళ్ళో ఉంది. నేను హైదరాబాదులో అద్దె గదిలో ఉన్నాను. మేమిద్దరం రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. రోజూ ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకున్నాం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

*

కరోనా కాలం మీద తెలుగులో చాలా సాహిత్యం వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన వారంలోనే కవితలు వచ్చాయి, ఆ తర్వాత కథలు, డైరీలు, సంకలనాలు. దొరికినంతవరకు చదివాను. చప్పట్లు, దీపాలు, రైలు పట్టాలు, నెత్తిన మూటలతో నడిచిపోయిన కూలీలు, తెలంగాణ మిరపచేలనుంచి నడిచి నడిచి ఛత్తీస్‌గఢ్‌లోని సొంత ఊరు చేరకుండానే చనిపోయిన పన్నెండేళ్ళ పిల్ల, 2021 ఎండాకాలంలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు. ఇవన్నీ రాయవలసినవే. రాసినవాళ్ళు బాధ్యతగానే రాశారు. కానీ వాటిలో ఇన్సులిన్ అయిపోయిన మనిషి కోసం వెతికితే నాకు దాదాపుగా కనిపించలేదు. కథలో ముసలివాళ్ళకు షుగరు ఉంటుంది. అయితే అది వాళ్ళు కరోనాతో ఎందుకు చనిపోయారో చెప్పడానికి ఒక విశేషణంగా ఉంటుంది. దాంతో ఎలా బతుకుతున్నారో చెప్పడానికి కాదు.

ఎందుకిలా అని ఆలోచిస్తే మన భాషలోనే ఒక జవాబు కనిపించింది. కరోనా ‘వచ్చింది’ అంటాం, ‘తగ్గింది’ అంటాం, ‘పోయాడు’ అంటాం. షుగరు సంగతి వచ్చేసరికి ‘ఉంది’ అంటాం. ‘మా అత్తకు షుగరుంది.’ అక్కడితో వాక్యం ఐపోతుంది. రావడం, పోవడం, తగ్గడం కథను నడిపే క్రియలు. ‘ఉంది’ అనేది ఎటూ కదలని క్రియ. మొదలూ మధ్యా ముగింపూ కావాలని అడిగే కథకు ఇరవై ఏళ్ళు ఒకేలా ఉండే జబ్బుతో ఏం పని?

జానపద సంస్కృతిలోనూ అంతే. మశూచికి పోలేరమ్మ ఉంది. ‘అమ్మవారు పోసింది’ అనే మాట ఉంది. ఊరంతా కలిసి చేసే కొలుపులున్నాయి, పొలిమేర దాటించే తంతులున్నాయి. హఠాత్తుగా వచ్చి ఊరి మీద పడిన జబ్బుకు మనం దేవత రూపం ఇచ్చుకున్నాం. ‘మహమ్మారి’ అనే మాటలో కూడా ఒక మారెమ్మ ఉంది. ఉగ్రమైనదాన్ని ఆడదాన్ని చేసి మొక్కడం, మొక్కుతూనే తిట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. షుగరుకు దేవత లేదు, జాతర లేదు. దానికి ఉన్నదల్లా ఒక పద్దు. ఆ పద్దు రాసేది ఇంట్లో ఆడవాళ్ళు.

*

మన స్త్రీవాద సాహిత్యమైనా ఈ పని చేసిందా అన్నది నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న. శరీరం గురించి మాట్లాడటాన్ని తెలుగు కవిత్వానికి నేర్పింది మన కవయిత్రులే. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ లేకపోతే నాలాంటివాళ్ళ పరిశోధనే లేదు. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనాన్ని నా తరం వాళ్ళం క్లాసు పుస్తకాలకన్నా ముందు చదువుకున్నాం. 1990ల తొలినాళ్ళలో ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యం మీద తెలుగులో ఎవరూ మాట్లాడని మాటలు మాట్లాడింది.

అయినా ఒకటి గమనించాలి. ప్రసవం, గర్భస్రావం, తొలి బహిష్టు. సాహిత్యంలోకి వచ్చిన శరీరానుభవాలు ఎక్కువగా సంఘటనలు. వాటికి ఒక రోజుంది, ఒక గది ఉంది, ఒక కేక ఉంది. రోజూ పొద్దున్నే పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సూది గుచ్చుకోవడంలో కేక లేదు. మొదటి వారం ఉంటుందేమో. పదకొండో ఏడు ఉండదు.

సంఘటన లేని జీవితాన్ని కథ చెయ్యడం మనకు చేతకానిదేం కాదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో రోజూ ఇల్లు అలుకుతూ అలుకుతూ గృహిణి తన పేరే మర్చిపోతుంది. అలకడం ఒక సంఘటన కాదు, పునరావృతం. ఆ పునరావృతంలోనే హింస ఉందని ఆ కథ పట్టుకుంది. ఇంటిచాకిరీని చదవడం మనకు వచ్చు. దీర్ఘకాలిక జబ్బు సంరక్షణ కూడా ఇంటిచాకిరీలో భాగమేనని మాత్రం మనం ఎక్కువగా గుర్తించలేదు. ఎవరి మాత్రలు ఎప్పుడు, ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి అన్నం బదులు జొన్నరొట్టె, ఎవరి చీటీ ఏ తారీఖుకి అయిపోతుంది. ఇదంతా బుర్రలో పెట్టుకుని తిరగడం కూడా పనే.

ఈ విమర్శ ముందు నాకే తగులుతుంది. నా సిద్ధాంత వ్యాసం స్త్రీల కవిత్వంలో శరీరం మీదే. దాన్ని రాస్తుండగానే, 2014లో, నాకు లూపస్ అని తేలింది. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన శరీరాన్నే శత్రువనుకుని దాడి చేసే జబ్బు. ఇది ఉన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. 2018లో వైవా రోజున నా సంచీలో మాత్రల డబ్బా ఉంది. వేళ్ళ కణుపులు వాచి ఉంటే చేతులు బల్ల కింద పెట్టుకుని శరీర రాజకీయాల గురించి మాట్లాడాను. మూడువందల పేజీల సిద్ధాంత వ్యాసంలో నా జబ్బు గురించి ఒక్క వాక్యం లేదు. అది విషయానికి సంబంధించినది కాదనుకున్నాను.

*

జబ్బు సాహిత్యానికి ముఖ్య వస్తువు ఎందుకు కాలేదని 1926లో వర్జీనియా వుల్ఫ్ ‘ఆన్ బీయింగ్ ఇల్’ వ్యాసంలో అడిగింది. ప్రేమకూ యుద్ధానికీ దొరికిన చోటు జ్వరానికి ఎందుకు దొరకలేదన్నది ఆమె ప్రశ్న. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను చూసిన తరం ఆమెది. 1925లో వచ్చిన ‘మిసెస్ డాలొవే’లో క్లారిస్సా గుండె ఇన్‌ఫ్లుయెంజా వల్ల దెబ్బతిని ఉంటుంది. ఆ వ్యాసం నాకు చాలా ఇష్టం. కానీ లాక్‌డౌన్‌లో మళ్ళీ చదివినప్పుడు ఒక వెలితి కనిపించింది. అందులో రోగి పడుకుని ఆకాశం వంక చూస్తుంది. మంచానపడటం అనేది అక్కడ పనినుంచి దొరికిన ఒక విడుపు. మా అమ్మకు షుగరు ఏనాడూ ఆ విడుపు ఇవ్వలేదు. ఆమె సూది గుచ్చుకుని లేచి గేదెకు కుడితి పెట్టింది.

నాకు దగ్గరగా వచ్చిన రచయిత్రి ఫ్లానరీ ఓకానర్. ఆమెదీ లూపసే. ఆమె తండ్రి కూడా 1941లో అదే జబ్బుతో చనిపోయాడు. ఆమె 1964లో, 39 ఏళ్ళకు చనిపోయింది. ఆమె కథల్లో లూపస్ కోసం వెతికితే పేరు పెట్టి దొరకదు. దొరికేది ఉత్తరాల్లో. ఆమె పోయాక 1979లో ఆ ఉత్తరాలు ‘ది హ్యాబిట్ ఆఫ్ బీయింగ్’ పేరుతో పుస్తకమయ్యాయి. అందులో ఇంజెక్షన్లు, చంకకర్రలు, నెమళ్ళు, అమ్మ, పాల డెయిరీ పక్కపక్కనే ఉంటాయి. జబ్బుకు విడిగా అధ్యాయం లేదు. అది వాతావరణంలాగా రోజువారీ కబుర్లలో కలిసిపోయి ఉంది. దీర్ఘకాలిక జబ్బుకు కథకంటే ఉత్తరమే సరైన ప్రక్రియ అనిపించింది. ఉత్తరానికి ముగింపు అక్కర్లేదు, వచ్చేవారం ఇంకోటి రాయొచ్చు. ఉత్తరం రాసే తీరికా అలవాటూ లేని మనిషికి ఏ ప్రక్రియ మిగులుతుంది? పద్దు మిగులుతుంది.

*

ఇక నా అబద్ధం. లూపస్‌కు నేను రోజూ వేసుకునే మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. 1950ల నుంచి వాడుకలో ఉన్న పాత మందు. ఖరీదు తక్కువ, పేరు నోరు తిరగదు. 2020 మార్చి దాకా దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మార్చి 22 తేదీతో ఐ.సి.ఎం.ఆర్. ఒక సలహా ఇచ్చింది. కరోనా రోగులను చూసే ఆరోగ్య సిబ్బందీ, నిర్ధారణ అయిన రోగి ఇంట్లోవాళ్ళూ ముందుజాగ్రత్తగా ఈ మందు వాడొచ్చని. ఆ మాట బయటికి వచ్చిన రోజుల్లోనే మందుల షాపుల్లో అది మాయమైంది. అవసరం లేనివాళ్ళు కొని అల్మరాల్లో పెట్టుకున్నారు. మార్చి 25న ఎగుమతులు ఆపారు. 26న దాన్ని హెచ్1 షెడ్యూలు కింద పెట్టారు. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదాన్ని షాపువాళ్ళు రిజిస్టరులో రాయాలి. అక్రమ నిల్వలు ఆపడానికి అది మంచి నిర్ణయమే. కానీ నా చీటీ పాతది. కొత్త చీటీ రాయవలసిన ఓ.పి. మూసి ఉంది. ఫోన్లో వైద్యం చెయ్యడానికి మార్గదర్శకాలు మార్చి 25నే వచ్చాయిగానీ, ఆ కొత్త పద్ధతి నా డాక్టరుకూ మా వీధి షాపుకూ మధ్య కుదురుకోవడానికి వారాలు పట్టింది.

ఏప్రిల్ మొదటివారంలో నా మాత్ర అంతర్జాతీయ వార్త అయింది. అమెరికా అధ్యక్షుడు దానికోసం మన దేశాన్ని హెచ్చరించాడు, మర్నాడే ఎగుమతులు కొంత సడలించారు. టీవీలో దాన్ని సంజీవని అన్నారు. ఆ రోజు నా డబ్బాలో తొమ్మిది మాత్రలున్నాయి. రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను. షాపతను ‘కరోనా మందు స్టాకు లేదు మేడమ్’ అన్నాడు. ఆరేళ్ళుగా అతనే నాకది అమ్ముతున్నాడు. రెండు వారాల్లో అది నా మందు కాకుండా పోయి కరోనా మందు అయింది.

జూన్ 5న ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ రికవరీ ట్రయల్ ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ మందు వల్ల ప్రయోజనం లేదని చెప్పింది. జూన్ 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన పరీక్షల్లోంచి దాన్ని తీసేసింది. ‘సంజీవని’ కథ అలా ముగిసింది. ఆ లోపల నా మోకాళ్ళు వాచాయి, మొహం మీద ఎర్రటి మచ్చలు తిరిగొచ్చాయి, మూత్రంలో ప్రోటీన్ పోతోందని తేలి స్టెరాయిడ్ మోతాదు పెంచారు. మధ్యలో నన్ను నిలబెట్టింది మాత్రం ఒకామె. స్నేహితురాలికి స్నేహితురాలు, మియాపూర్‌లో ఉంటుంది, ఆమెకూ లూపసే. తన దగ్గరున్న నాలుగు పట్టీల్లో రెండు ఇచ్చింది. గేటు బయట మాస్కులు పెట్టుకుని అరనిమిషం నిలబడ్డాం. ఆమె మొహం నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేదు.

అమ్మ రోజూ ఫోన్లో అడిగేది, ‘మందులున్నయ్యా?’ అని. ‘ఉన్నాయమ్మా, రెండు నెలలకు తెచ్చిపెట్టుకున్నా’ అనేదాన్ని. ‘నీ షుగరెంత?’ అని నేను అడిగేదాన్ని. అమ్మ పుస్తకం తీసి అంకె చదివేది. బాగానే ఉండేది.

*

ఆ పుస్తకాన్ని నేను చేతుల్లోకి తీసుకుంది ఆ ఏడు దసరాకు. తెలంగాణలో జిల్లాల బస్సులు మే 19 నుంచే నడిచాయిగానీ, స్టెరాయిడ్ మీద ఉన్నదాన్ని, అక్టోబరు దాకా బస్సెక్కే ధైర్యం చెయ్యలేకపోయాను. ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఎడమకాలికి పాతచీర పేలిక కట్టుకుని తిరుగుతోంది. ‘మేకు గుచ్చుకుంది, మానుతోంది’ అంది. నేను పుస్తకం అడిగాను. ‘పాల పుస్తకంతో నీకేం పని’ అంది. ఆమె పాలు పొయ్యడానికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. అడగకుండా చదవడం తప్పేనని ఒప్పుకుంటున్నాను.

మార్చి, ఏప్రిల్ నెలల అంకెలు ఎలా ఉన్నాయంటే: 118, 203, 167, 96, 221, 154. ఒకటి నీలం సిరాతో, ఒకటి పెన్సిలుతో. ఒకచోట అంకె పక్కన ‘పెళ్ళి భోజనం’ అని ఉంది. ఇంకోచోట ‘వణుకు, బెల్లం తిన్నా’ అని ఉంది. అవి బతికిన రోజులు. మే మొదటివారం నుంచి అంకెలు మారాయి. 142, 138, 140, 142, 136, 144. అన్నీ సరిసంఖ్యలు. అన్నీ నూటముప్పైకీ నూటయాభైకీ మధ్య. అన్నీ ఒకే నల్ల సిరాతో, ఒకే ఒరవడితో, ఒక్క వ్యాఖ్య లేకుండా. జూన్ మూడోవారం దాకా అంతే.

పాఠంలో అతుకు ఎక్కడుందో పట్టుకోవడం నా చదువులో భాగం. ఒకే చేతి రాతలో కాలం ఎక్కడ మారిందో చూడటం నాకు తెలుసు. ఈ పద్నాలుగు అంకెలు చూసిన రోజున రాసినవి కావు. వీటిని ఒకటో రెండో సార్లు కూర్చుని కల్పించింది. అవి పూర్తిగా మామూలు అంకెలు కూడా కాదు, కాస్త ఎక్కువగా ఉన్నాయి. మరీ బాగుంటే నేను నమ్మనని ఆమెకు తెలుసు.

అడిగితే తడుముకోలేదు. ‘పుల్లలు అయిపోయినయ్. మధిరలో దొరకలా. నువ్వు రోజూ అడుగుతుంటివి, ఏదో ఒకటి చెప్పాలి గదా’ అంది. గ్లూకోమీటర్ స్ట్రిప్పులను ఆమె పుల్లలంటుంది. ఇంకా అడిగితే మిగతాది బయటికొచ్చింది. పుల్లలతోపాటు ఇన్సులిన్ కూడా తగ్గిపోయింది. పి.హెచ్.సి.లో నెలకోసారి షుగరు, బి.పి. మాత్రలిచ్చే రోజు ఆగిపోయింది, సిబ్బంది కరోనా సర్వేల్లో ఉన్నారు. మధిరకు బస్సు లేదు. ఉన్న సీసాను సాగదియ్యడానికి రెండు పూటల ఇన్సులిన్‌ను ఒక పూట చేసింది. నాన్న మాత్రలకోసం మాత్రం పక్కింటి అబ్బాయిని రెండుసార్లు బండి మీద మధిర పంపింది. ఆయన గడిలో ఒక్క టిక్కు కూడా తప్పలేదు. ‘నీ ఇన్సులిన్ కూడా తెమ్మని చెప్పకపోయావా?’ అంటే, ‘ఐసు పెట్టి తేవాలి గదా, మగపిల్లాడు, వాడికేం తెలుస్తది’ అంది.

ఇక్కడ నన్ను ఇప్పటికీ వదలని విషయం ఒకటుంది. ఆ నెలల్లో పుస్తకం ముందువైపు ఒక్క పూట కూడా ఖాళీ లేదు. పాలు అత్యవసరం కాబట్టి పాలబండి లాక్‌డౌన్‌లో కూడా రోజూ వచ్చింది. మా ఊరికీ మధిరకూ మధ్య రోజూ ఒక బండి తిరిగింది, అందులో పాలు చల్లగానే ఉన్నాయి. అమ్మ ఇంటినుంచి బయటికి వెళ్ళవలసింది రెండుపూటలా వెళ్ళింది. అమ్మకు రావలసింది రాలేదు. ఒకే నోటుబుక్కు ముందుపక్కా వెనకపక్కా కలిపి చదివితే కనిపించేది ఇదే.

జూన్‌లో ఆ రెండు వైపులనూ కలిపింది మా వీధి ఆశా కార్యకర్త. ఇంటింటి జ్వరాల సర్వేకు వచ్చి, ‘పెద్దమ్మా, సూది వేసుకుంటున్నవా?’ అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె సర్వే కాగితంలో లేదు. సంగతి తెలుసుకుని పాలబండి అతనితో మాట్లాడి, షాపుకు ఫోన్ చేసి, ఐసు సంచీలో ఇన్సులిన్ తెప్పించింది. జూన్ 22న పుస్తకంలో మళ్ళీ నీలం సిరా కనిపిస్తుంది. ఆ రోజు అంకె 318.

*

ఇదంతా మా ఇంటి గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాల్లో సర్వే చేసింది. 53 శాతం దేశాల్లో బి.పి. చికిత్స, 49 శాతం దేశాల్లో షుగరు చికిత్స పూర్తిగానో కొంతమేరకో దెబ్బతిన్నాయని జూన్ 1న ప్రకటించింది. 94 శాతం దేశాల్లో ఈ జబ్బుల విభాగాల సిబ్బందిని ఎంతోకొంత కరోనా పనికి మళ్ళించారు. మనదేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైనే అని ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం 2023లో చెప్పింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు, అదుపులో లేని షుగరూ, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లూ అందుకు ముఖ్య కారణాలని డాక్టర్లు చెప్పారు. తెలంగాణ ప్రభుత్వం మే 20న దాన్ని తప్పనిసరిగా నమోదు చెయ్యవలసిన వ్యాధిగా ప్రకటించింది. అలా ‘ఉన్న’ జబ్బు కాస్తా ‘వచ్చిన’ జబ్బు అయ్యాకే అంకెల్లోకి, వార్తల్లోకి వచ్చింది.

ఈ సేవలను ‘రొటీన్’ సేవలంటారు. రొటీన్ సేవలకు అంతరాయం కలిగింది అని నివేదికలు రాస్తాయి. రొటీన్ అంటే తనంతట తాను జరిగిపోయేదని అర్థం వస్తుంది. స్త్రీలుగా ఆ మాట మనకు బాగా తెలుసు. తనంతట తాను జరిగే వంట లేదు, తనంతట తాను ఉతుక్కునే బట్ట లేదు. ప్రతి రొటీన్ వెనకా ఒక మనిషి ఉంటుంది. వ్యవస్థ వెనక్కి తగ్గినప్పుడు ఆ ఖాళీ మా అమ్మ వంటింట్లోకీ, ఆశా కార్యకర్త కాళ్ళ మీదికీ, మియాపూర్ స్నేహితురాలి మాత్రల డబ్బాలోకీ వచ్చింది. ఆశా కార్యకర్తలను 2005 నుంచీ ‘స్వచ్ఛంద’ కార్యకర్తలనే అంటున్నాం. కరోనా పనికి కేంద్రం ప్రకటించిన అదనపు ప్రోత్సాహకం నెలకు 1000 రూపాయలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు అవార్డు ఇచ్చింది. జీతం మాత్రం ఇప్పటికీ వాళ్ళు రోడ్డెక్కి అడుగుతున్న కోరికే.

అమ్మ చేసినదాన్ని త్యాగమని రాయడం చాలా తేలిక. ఈ వ్యాసం మొదటి ప్రతిలో నేనూ అలాగే రాశాను, తర్వాత కొట్టేశాను. త్యాగం అనగానే ఆయన గడిలోని టిక్కులు ఆమె సుగుణం అయిపోతాయి, మధిరకు లేని బస్సు కనబడకుండా పోతుంది. ఆ పద్నాలుగు అంకెలను గొప్ప కల్పన అని మురిసిపోవడమూ అంతే ప్రమాదం. వాటి ఖరీదు చాలా ఎక్కువ. దసరా తర్వాత ఖమ్మంలో పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు సగటు 10.9 ఉంది. పుస్తకంలో ఏం రాసినా రక్తం తన లెక్క తను రాసుకుంది. నవంబరులో అమ్మ ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు.

కాబట్టి విమర్శకులుగా మనం చెయ్యవలసిన పని ఒకటుందని అనుకుంటున్నాను. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను విని చరిత్రగా నిలబెట్టింది. అది సంఘటనల కాలం. ఏ సంఘటనా లేని ఇరవై ఏళ్ళను వినే పద్ధతి మనం ఇంకా తయారుచేసుకోవాలి. పద్దు పుస్తకాలు, మందుల చీటీల వెనక రాసిన లెక్కలు, క్యాలెండరు గళ్ళలో పెట్టిన గుర్తులు, ఫోన్లో ‘బాగానే ఉన్నా’ అనే మాట, ఇవన్నీ చదవవలసిన పాఠాలే. వీటిని చదవడం వస్తే, ఒకే సిరాతో రాసిన సరిసంఖ్యలు కనిపించినప్పుడు అనుమానం వస్తుంది. నేను ఫోన్లో విని ఊరుకున్నాను. డాక్టరేట్ ఉన్నదాన్ని, ఏడు వారాలు ఆ అంకెల్ని నమ్మాను. నమ్మడం నాకు సౌకర్యంగా ఉంది కాబట్టి నమ్మాను. నా డబ్బాలోని మాత్రల సంగతి అమ్మ ఎందుకు నమ్మిందో ఆమెను అడగలేదు.

ఇప్పుడు ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. పుల్లలు లేకపోతే గడి ఖాళీగా ఉంచాలి, కల్పించకూడదు. నేను మాత్రల డబ్బా మూత తీసి వీడియో కాల్లో చూపించాలి. ఈ కొత్త పుస్తకంలో అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఖాళీ కనిపించిన వారం పోట్లాడుకుంటున్నాం.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు అమ్మను అనుమతి అడిగాను. షుగరు అంకెలు, తీసేసిన వేలు, అబద్ధం, అన్నీ రాశానని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది. ‘వెనకపక్క ఏమన్నా రాసుకో. ముందుపక్క మాత్రం రాయకు. మనం ఎన్ని పాలు పోస్తున్నమో ఊళ్ళో అందరికీ ఎందుకు’ అంది. ఆ అంకెలు రాయలేదు.